ముద్దాయి తరఫున

మా ఆవిడ తెనాలిలో క్రిమినల్ లాయరు. ఎక్కువగా ముద్దాయిల తరఫునే వాదిస్తుంది. ఆమె మేనమామ ఎస్సైగా చేరి, సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. ఆయన కట్టిన కేసు ఒక్కటి కూడా ఈమె చేతికి రాలేదు. వచ్చుంటే వీళ్ల వాదన కోర్టులోనే తేలిపోయేది, మా ఇంటి దాకా వచ్చేది కాదు. మొన్న దసరాకి ఆయన వచ్చినప్పుడు మా అమ్మాయి ఇంటర్ కాగానే లాసెట్ రాస్తానని ప్రకటించింది. మావయ్యగారు చేతిలోని బూరె పళ్లెంలో పెట్టేశారు. ఆ తర్వాత నడిచిన మాటలివి. నేను బ్యాంకు ఉద్యోగిని, ఎవరి తరఫునా వకాల్తా పుచ్చుకోలేదు.

మావయ్య: లా చదవనీ, కాదనను. ఆస్తి తగాదాలు చూసుకోమను, కంపెనీల పని చూసుకోమను. జడ్జీ పరీక్ష రాస్తే మరీ మంచిది. నీలాగా హంతకుల వెనకాల మాత్రం తిరగొద్దను.

లాయరు: హంతకులని ఎవరు తేల్చారు మావయ్యా?

మావయ్య: మొదలెట్టావా? నేనే తేల్చాను. ముప్ఫై ఏళ్లు స్టేషన్లలో ఉన్నాను. ఊళ్లో ఎవణ్ణి ఎవడు పొడిచాడో తెల్లారేసరికి టీకొట్టు దగ్గర అందరికీ తెలిసిపోతుంది. తెలియంది మీ కోర్టుకొక్కదానికే.

లాయరు: టీకొట్టు దగ్గర తెలిసినవాడు బోనెక్కి ఆ మాట ఎందుకు చెప్పడు?

మావయ్య: ఎందుకు చెబుతాడే? నాలుగేళ్లకో ఆరేళ్లకో సమను వస్తుంది. ఈలోగా వాడు ముద్దాయి వాళ్ల పొలమే కౌలుకి చేస్తుంటాడు. కోర్టుకొస్తే మీరు వాయిదా అడుగుతారు. కూలి పోగొట్టుకుని మూడుసార్లు తిరిగి, నాలుగోసారి ‘నేనేమీ చూళ్లేదండీ’ అనేసి బస్సెక్కుతాడు. సాక్షి అడ్డం తిరిగాడని మీరు చంకలు గుద్దుకుంటారు. అసలు తిప్పిందెవరు?

లాయరు: వాయిదాల్లో మా పాపం ఉంది. కానీ జడ్జీ సెలవు, పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) పోస్టు ఖాళీ, ల్యాబు రిపోర్టు రాలేదు, ఎస్కార్టు లేదని జైలు నుంచి ముద్దాయిని తేలేదు, ఇవన్నీ నా ఖాతాలో రాయకు. నేను వాయిదా అడిగిన రోజులు నాలుగైతే, ఆ ముద్దాయి లోపల కూర్చుని ఎదురుచూసిన రోజులు నాలుగొందలు.

మావయ్య: సరే, ఇంకోటి చెప్పు. సాక్షి నా ముందు చెప్పింది రాసుకుంటాను. దాని మీద వాడి సంతకం తీసుకోకూడదట. ముద్దాయి నా ముందు ఒప్పుకుంటే అది చెల్లదట. పక్కింటి కిరాణా కొట్టువాడి ముందు ఒప్పుకుంటే మాత్రం చెల్లుతుందట! పోలీసువాడి మాటకి కొట్టువాడి మాటకున్న విలువ కూడా లేదు. ఇదేం చట్టం?

లాయరు: ఇది ఊరికే పుట్టిన చట్టం కాదు, మన రాజధానిలోనే దానికో కథ ఉంది. మన రాజధానంటే అప్పట్లో మద్రాసు. 1854లో అక్కడి కంపెనీ ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది, శిస్తు వసూళ్లలోనూ నేర విచారణలోనూ హింస పెడుతున్నారన్న ఫిర్యాదుల మీద. తెలుగు జిల్లాలు కూడా అందులో ఉన్నాయి. వేళ్లను రెండు కర్రల మధ్య పెట్టి నొక్కడం, మనిషిని వంచి మెడకీ కాళ్లకీ తాడు కట్టి ఎండలో నిలబెట్టడం, అన్నీ 1855లో ఇచ్చిన నివేదికలో రాశారు. ఆరేళ్లకి, 1861లో, పోలీసుల ముందు ఒప్పుకోలు చెల్లదన్న నిబంధన వచ్చింది. 1872 సాక్ష్య చట్టంలో అది 25వ సెక్షన్ అయింది. ఇప్పుడు కొత్త చట్టంలో నెంబరు మారింది గానీ మాట మారలేదు.

మావయ్య: 1855లో ఎవడో తాసీల్దారు బంట్రోతు చేసినదానికి నన్ను నమ్మరా?

ఈ మాట ఆయన నవ్వుతూ అనలేదు. ఉద్యోగమంతా మోసిన అవమానం అది. నాకు ఆయన మీద జాలి వేసింది. మా ఆవిడకీ వేసినట్టుంది, గొంతు కాస్త తగ్గించింది.

లాయరు: నిన్ను నమ్మకపోవడం కాదు మావయ్యా. పోనీ 1855 వద్దు, 2007 చెప్పుకుందాం. ఆ డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో బీఫార్మసీ అమ్మాయిని చంపేశారు. ఊరు ఊరంతా అట్టుడికింది. ఒక పేద కుర్రాణ్ణి పట్టుకొచ్చి వీడే అన్నారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ కుర్రాడు నిర్దోషి అని వదిలేసి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. పట్టుకొచ్చిన అధికారుల మీద చర్య తీసుకోమంది. ఆ అమ్మాయి తల్లే మొదటి నుంచీ వీడు కాదు మొర్రో అంటోంది. ఎనిమిదేళ్ల పైన జైలు. ఆ కుర్రాడి కేసు ముట్టుకున్న లాయరు కూడా ఎవరో ఒకరి దృష్టిలో హంతకుల వెనకాల తిరిగినవాడే కదా?

మావయ్య: అది మా శాఖకి మచ్చ, కాదనను. కానీ ఒక కేసు చూపించి మొత్తం శాఖని బోనెక్కించకు. నూటికి తొంభై కేసుల్లో మేం పట్టుకున్నవాడే దొంగ.

లాయరు: ఆ మిగతా పదిమందీ ఎవరో చూడకుండా తెలిసే మార్గం చెప్పు, రేపే కోటు విప్పేస్తాను.

మావయ్య: మాటలు బాగా నేర్చావు. మీ సీనియర్ నేర్పాడా?

లాయరు: ఆయన మాటలు తగ్గించుకోవడం నేర్పాడు. నా మొదటి సెషన్స్ కేసు చెబుతా విను. కాలవ గట్టు మీద హత్య. ముద్దాయి ఒప్పుకుని, పోలీసుల్ని తీసుకెళ్లి, తుమ్మచెట్టు కింద పొదలోంచి కత్తి తీసిచ్చాడని కేసు. చట్టంలో మీకు వదిలిన కిటికీ అదొక్కటే కదా, ఒప్పుకోలు చెల్లదు గానీ దాని వల్ల వస్తువు దొరికితే ఆ మేరకు చెల్లుతుంది. మధ్యవర్తిగా సంతకం పెట్టింది వీఆర్వో. క్రాస్ నన్ను చెయ్యమన్నారు సీనియర్. నివేదిక ఎవరు రాశారండీ అని అడిగా. కానిస్టేబుల్ గారు అన్నాడు. మీరు చదివారా? చదివి వినిపించారండి. ఎక్కడ వినిపించారు? కాసేపు ఆగాడు. ‘స్టేషన్లోనండి’ అన్నాడు. నివేదికలోనేమో అక్కడికక్కడే రాసి, చదివి వినిపించి, చెట్టు దగ్గరే సంతకాలు తీసుకున్నట్టుంది. నాకు ఊపొచ్చింది. ఇంకో ప్రశ్న వెయ్యబోతే వెనక నుంచి సీనియర్ నా గౌను పట్టుకుని లాగారు. కూర్చో అని.

మావయ్య: ఇంకోటి అడిగి ఉంటే?

లాయరు: ‘కానీ కత్తి మాత్రం నా ఎదురుగానే తీశాడండీ, రాయడం స్టేషన్‌కొచ్చి రాశారు’ అనేవాడు. కేసు తిరగబడేది.

మావయ్య: అంటే నిజం బయటపడబోతుంటే గౌను పట్టుకుని లాగాడన్నమాట!

మా ఆవిడ ఇక్కడ దొరికిపోయింది. ఇదే కథ నాకు చాలాసార్లు చెప్పింది, ప్రతిసారీ నేను సీనియర్ తెలివికి ముచ్చటపడ్డానే తప్ప ఈ కోణం తట్టలేదు. పోలీసు బుర్ర పోలీసు బుర్రే.

లాయరు: ఆ ప్రశ్న అడగాల్సింది పీపీ. మళ్లీ లేచి తిరుగు విచారణలో అడగొచ్చు, చట్టం ఆయనకి ఆ అవకాశం ఇచ్చింది. ఆయన కట్ట కూడా విప్పకుండా వచ్చాడు. అందరి పనీ నేను చెయ్యలేను. అక్కడికక్కడే రాశామని అబద్ధం రాసిందెవరు? నేనా?

మావయ్య: అబద్ధం కాదే, అది వాడుక. కాలవ గట్టు మీద వానలో కాగితం పెట్టుకుని రాయడానికి టేబులుంటుందా? ఫారం ఎప్పటి నుంచో అలాగే ఉంది, అలాగే రాస్తాం. వీఆర్వోనే ఎందుకు పిలుస్తామో కూడా చెప్తా. ఊళ్లోవాణ్ణి ఎవణ్ణి పిలిచినా రాడు. కోర్టు చుట్టూ తిరగాలి, ముద్దాయి వాళ్లతో వైరం. గవర్నమెంటు మనిషైతే రాక తప్పదు. సరే, ఆ కత్తి మీద రక్తం ఉందా లేదా?

లాయరు: ఉంది. మనిషి రక్తమేనని ల్యాబు చెప్పింది. గ్రూపు తేలలేదు.

మావయ్య: మరి నరికింది ఎవరు?

లాయరు: నాకు తెలియదు.

మావయ్య: నీ క్లయింటు నీతో ఏం చెప్పాడు?

లాయరు: అది చెప్పను. కోర్టు అడిగినా చెప్పకూడదు, నువ్వడిగితే చెబుతానా? కేసు ముగిసినా, నేను ప్రాక్టీసు మానేసినా ఆ నోరు మూసుకునే ఉండాలి.

(నాక్కూడా ఎప్పుడూ చెప్పలేదు. అన్నం తింటున్నప్పుడు అడిగినా, నిద్రలో అడిగినా.)

మావయ్య: సరే, వాడే నరికాడని నీకు తెలిసిందనుకో. మర్నాడు పొద్దున లేచి, మొహం కడుక్కుని, వీడు అమాయకుడండీ అని ఎలా చెబుతావు?

లాయరు: అలా చెప్పను. ‘ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోయింది’ అని చెబుతా. బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది, ముద్దాయి తప్పు చేశాడని లాయరు మనసులో అనుకున్నా సరే, తరఫున నిలబడాలి; తగిన సాక్ష్యం లేకుండా ఎవరికీ శిక్ష పడకూడదన్న చట్టానికి అతను కట్టుబడాలి. దాని పక్కనే ఇంకో నిబంధన ఉంది, దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. నిర్దోషికి శిక్ష పడేలా ప్రాసిక్యూషన్ నడపకూడదు, ముద్దాయికి పనికొచ్చే సాక్ష్యాన్ని దాచకూడదు అని.

మావయ్య: రుజువు, రుజువు! చచ్చినవాడి పెళ్లాం కోర్టు వరండాలో కూర్చుని ఉంటుంది చూడు, ఆవిడకి వెళ్లి చెప్పు ఈ తేడా.

లాయరు: చెప్పలేను. చాలాసార్లు చూశాను, తలొంచుకుని పక్కనుంచి వెళ్లిపోయాను. కానీ ఆవిడకి అన్యాయం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఎఫ్ఐఆర్ దగ్గర. రాత్రి తొమ్మిదికి రిపోర్టు ఇచ్చారంటారు. పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న మేజిస్ట్రేటుకి అది మర్నాడు సాయంత్రం నాలుగుకి చేరుతుంది. మేజిస్ట్రేటు దాని మీద టైము వేసి సంతకం పెడతారు, కేసు కట్టలో నేను మొదట వెతికేది ఆ చిన్న గీత కోసమే. ఆ తర్వాత శవ పంచనామా తీస్తా. అందులో ఇద్దరి పేర్లే ఉంటాయి. ఛార్జిషీటుకి వచ్చేసరికి ఏడుగురు. ఎ3 ముసలాయన, ఎ5 హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే కొడుకు. ఆ పంతొమ్మిది గంటల్లో ఏం జరిగింది?

మావయ్య: ఏం జరుగుతుంది? శవం పక్కన కూర్చుని ఫిర్యాది పేర్లు చెబుతాడు. వాళ్లింట్లో మగాళ్లంతా వచ్చారండీ అంటాడు. ముసలాయన రాలేదు కదయ్యా అంటే, పోలీసులు అమ్ముడుపోయారని రోడ్డు మీద శవం పెట్టి ధర్నా చేస్తాడు. ఎమ్మెల్యే ఫోను చేస్తాడు. రాసుకోకపోతే నా ఉద్యోగం, రాసుకుంటే నీ క్రాసు. నువ్వయితే ఏం చేస్తావు ఆ రాత్రి?

లాయరు: ఏమో. నేను కూడా రాసేదాన్నేమో.

మావయ్య: హమ్మయ్య, అదన్నా అన్నావు.

లాయరు: కానీ ఫలితం చూడు. గింజల్ని, పొట్టునీ వేరు చెయ్యాలని కోర్టులు అంటాయి గానీ, ఏడుగురిలో అయిదుగురు అబద్ధమని తేలాక మిగతా ఇద్దరి మీద జడ్జీకి నమ్మకం ఎలా నిలుస్తుంది? పొడిచినవాడు ఆ ముసలాయన చాటున బయటపడతాడు. వరండాలో కూర్చున్న ఆవిడకి ద్రోహం చేసింది నా క్రాసా, ఆ పంతొమ్మిది గంటలా?

ఇక్కడ నేను కాఫీ తెచ్చాను. సినిమాల్లో లాయర్లు కోర్టు మధ్యలో అటూ ఇటూ నడుస్తూ గర్జిస్తారు. పెళ్లయిన కొత్తలో ఒకసారి మా ఆవిడ వాదన చూద్దామని వెళ్లాను. ఫ్యాను చప్పుడులో ఆమె మాట స్టెనోకే వినపడలేదు. తేదీలూ గంటలూ కొలతలూ, గాయం ఎన్ని సెంటీమీటర్లు, దీపం స్తంభం ఎన్ని గజాలు. గంటన్నర కూర్చుని నిద్రొచ్చి లేచొచ్చాను. ఆ కేసు కొట్టేశారని సాయంత్రం తెలిసింది. ఏ మాట దగ్గర గెలిచిందో ఇప్పటికీ నాకు తెలియదు.

మావయ్య: పిల్ల భవిష్యత్తు సంగతి మాట్లాడు. ఈ పనిలో ఏముంది? నువ్వు మొదట్లో ఎంత పడ్డావో మర్చిపోయావా?

లాయరు: మర్చిపోలేదు. మొదటి మూడేళ్లు సీనియర్ ఆఫీసులో ఫైళ్లు మోశాను, కేసు డైరీలో వాయిదాలు రాశాను, రూపాయి లేదు. బస్సు డబ్బులు మా నాన్నే ఇచ్చేవాడు. తండ్రో తాతో లాయరైతే ఆఫీసూ పుస్తకాలూ క్లయింట్లూ వారసత్వంగా వస్తాయి. నాకేమొచ్చింది? నా మొదటి క్లయింటు కోడి పందేల కేసు. వాళ్లు కూడా మా గుమాస్తాని అడిగారు, లాయరు గారెప్పుడొస్తారు అని. నేను ఎదురుగానే ఉన్నాను.

మావయ్య: అదే నేననేది. ఆడపిల్ల. జైలుకెళ్లి ములాఖత్ చెయ్యాలి, రౌడీషీటర్లతో మాట్లాడాలి.

లాయరు: రౌడీషీటరు నాతో మర్యాదగానే మాట్లాడాడు మావయ్యా, అతనికి నాతో పని. మర్యాద తప్పింది వేరేవాళ్లు, వాళ్లు చదువుకున్నవాళ్లే. పోనీలే. ఈ వృత్తికి పునాది డబ్బున్న ఇళ్లలోంచే పడిందనుకుంటున్నావా? ప్రకాశం పంతులుగారి తల్లి ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి కొడుకుని చదివించింది. ఆయన ముందు చిన్న ప్లీడరు, ఆ తర్వాతే ఇంగ్లండు వెళ్లి బారిస్టరు.

మావయ్య: ప్రకాశంగారి రోజులు వేరు. మీకు దేవుళ్లు వేరే ఉన్నారుగా. కన్నబిరాన్.

లాయరు: అవును, ఉన్నారు. మదురైలో 1929లో పుట్టి, నెల్లూరులో పెరిగి, మద్రాసులో ఎకనమిక్స్ చదివి హైదరాబాదులో ప్రాక్టీసు పెట్టిన మనిషి. పార్వతీపురం కుట్ర కేసు, సికింద్రాబాద్ కుట్ర కేసు వాదించాడు. చాలామంది దగ్గరికి రాని కేసులవి.

మావయ్య: మా వాళ్లు పోయారు ఆ రోజుల్లో. మందుపాతర్లలో. వాళ్ల తరఫున ఎవరు వాదించారు?

లాయరు: ప్రభుత్వం. దానికి పీపీలున్నారు, అడ్వకేట్ జనరల్ ఉన్నాడు, ఖజానా ఉంది. ఎదురు వైపు ఒక్క మనిషున్నాడు. ఆయన నక్సలైట్ల సిద్ధాంతం వాదించలేదు మావయ్యా, వాళ్లని కోర్టుకి తీసుకురమ్మన్నాడు. చంపేస్తే కోర్టెందుకు అన్నాడు. ఆయన నడిపిన పౌరహక్కుల సంఘం వేసిన కేసులోనే 2009లో మన హైకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి, ఎన్‌కౌంటర్ జరిగితే కేసు కట్టాల్సిందే, ఆత్మరక్షణ అన్నది విచారణలో తేలాల్సిన మాటే అంది.

మావయ్య: దాని మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అది కూడా చెప్పు.

లాయరు: ఇచ్చింది. 2014లో అదే సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ల మీద పదహారు మార్గదర్శకాలు పెట్టింది. అది నువ్వు చెప్పు.

మావయ్య: నేను ఎన్‌కౌంటర్లు చెయ్యలేదు. చేసినవాళ్లని పొగడలేదు. కానీ 2019 డిసెంబరు గుర్తుందా? దిశ కేసు, ఒక అమ్మాయి మీద అత్యాచారం చేసి చంపేశారని. ఆ నలుగురు ముద్దాయిలనీ చటాన్‌పల్లి దగ్గర కాల్చేశాక జనం వచ్చి పోలీసుల మీద పూలు చల్లారు. నా ఉద్యోగంలో నా మీద రాళ్లే పడ్డాయి. ఆ పూలెందుకు చల్లారో ఎప్పుడైనా ఆలోచించారా మీ లాయర్లు? కోర్టుకెళ్తే ఏమవుతుందో జనానికి తెలుసు కాబట్టి.

లాయరు: ఆలోచించాను. భయమేసింది. ఆ పూలకంటే ముందు ఇంకోటి జరిగింది, ఆ నలుగురి తరఫున వాదించేది లేదని అక్కడి లాయర్లు తీర్మానించారు. 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అలాంటి తీర్మానాలు చెల్లవని, వృత్తికే అవమానమని. అయినా చేశారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఏం చెప్పింది? చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని. వాళ్ల వయసెంత అని మొదటి రోజే అడగాల్సిన మనిషి ఒకడుండాలి కదా. ఆ మనిషే లాయరు. వాళ్లు నేరం చేసి ఉండొచ్చు. ఆ అమ్మాయికి ఏం జరిగిందో పూర్తి నిజం కోర్టులో రికార్డు కావాల్సింది, అదీ వాళ్లతోనే పోయింది.

మావయ్యగారు దీనికి జవాబివ్వలేదు. బూరె మళ్లీ చేతిలోకి తీసుకున్నారు, ఒక్క ముక్క తిన్నారు. ఓడిపోయారనుకున్నాను. కాదు, గురి చూసుకుంటున్నారు.

మావయ్య: నీ దేవుళ్లలో బొజ్జా తారకం గారు కూడా ఉన్నాడా?

లాయరు: అందరికంటే ముందు ఉన్నాడు. ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అని పుస్తకం రాశాడు చూడు, ఎవరినైనా పట్టుకెళ్తే ఇంట్లోవాళ్లు ఏం చెయ్యాలో తెలుగులో చెప్పాడు. నా మొదటి లా పుస్తకం అదే అనుకో. ఎమర్జెన్సీలో తనే జైలుకెళ్లాడు. 1985లో కారంచేడులో దళితుల్ని చంపితే హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేశాడు.

మావయ్య: మరి చుండూరు సంగతేంటి? నీ కోర్టుకి పక్క ఊరే. 1991 ఆగస్టు 6. ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. నేనప్పుడు కుర్ర ఎస్సైని, పక్క సర్కిల్లో. ఆ ఊళ్లోనే కోర్టు పెట్టాలని పోరాడినవాళ్లలో మీ తారకం గారూ ఉన్నాడు. పదహారేళ్లకి, 2007లో తీర్పొచ్చింది. ఇరవై ఒక్క మందికి యావజ్జీవం, ముప్ఫై అయిదుమందికి ఏడాది. 2014లో ఏమైంది?

లాయరు: హైకోర్టు అందర్నీ వదిలేసింది.

మావయ్య: ఏమని?

లాయరు: సాక్ష్యం చాలదని.

మావయ్య: ఇందాక నాకు పాఠం చెప్పావే, ఎఫ్ఐఆర్ టైమూ, పంచనామాలో పేర్లూ, సాక్షి మాటలో తేడాలూ. ఆ పాఠాలన్నీ అవతలి లాయర్లకీ వచ్చు. నీ పనిముట్లే. ఎనిమిది శవాలున్నాయి, చంపినవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు చెప్పు. ఆ ముద్దాయిల తరఫున నీ దగ్గరికి వకాల్తా వచ్చుంటే వేసేదానివా?

చాలాసేపు ఆలోచించింది. మా అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

లాయరు: వేసేదాన్ని కాదు.

మావయ్య: ఏమైంది నీ బార్ కౌన్సిల్ నిబంధన?

లాయరు: వచ్చిన కేసు తీసుకోవాలనే ఉంది, ప్రత్యేక కారణాలుంటే కాదనొచ్చనీ ఉంది. నేను చుండూరు వాళ్ల వైపు కూర్చునేదాన్ని. తారకం గారు కూర్చున్నట్టు. కానీ ఆ ముద్దాయిలకి అసలు లాయరే ఉండకూడదని మా బార్ తీర్మానం పెడితే లేచి వ్యతిరేకించేదాన్ని. నేను వెళ్లకపోవడం వేరు, ఎవరూ వెళ్లకూడదనడం వేరు.

మావయ్య: అది తప్పించుకోవడం.

లాయరు: కొంత తప్పించుకోవడమే. కానీ ఇంకో సంగతి కూడా చూడు. నా క్లయింట్లలో నూటికి ఎనభైమంది చుండూరు ముద్దాయిల్లాంటి భూస్వాములు కాదు. సెల్‌ఫోన్ దొంగతనం, సారా, గంజాయి, తాగి కొట్టుకోవడం. బెయిలొచ్చినా ష్యూరిటీ దొరక్క లోపల ఉండిపోయేవాళ్లు. 2022 లెక్కల్లో ఈ దేశపు జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదు, విచారణ ఖైదీలు. అంటే నాలుగు లక్షల పైమాటే. అరవయ్యో తొంభయ్యో రోజుకి ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కు అని వాళ్లకి చెప్పేవాడుండడు. తొంభై ఒకటో రోజు పొద్దున పిటిషన్ వెయ్యాలి, వెయ్యకుండా ఉంటే మధ్యాహ్నం మీరు ఛార్జిషీటు పట్టుకొస్తే అయిపోయినట్టే. ఆ పొద్దున కోసం నా టేబుల్ మీద క్యాలెండరుంటుంది. చుండూరు ముద్దాయిల్లాంటి వాళ్లకి నేను లేకపోయినా హైదరాబాదు నుంచి లాయరు దిగుతాడు. వీళ్లకి నేను లేకపోతే ఎవరూ దిగరు.

మావయ్య: గవర్నమెంటే ఇప్పుడు జీతాలిచ్చి లాయర్లని పెట్టిందిగా, లీగల్ ఎయిడ్‌లో.

లాయరు: 2022 నుంచి పెట్టింది, మంచిదే. పిల్లని అందులో చేరమంటాను కూడా, మొదటి నెల నుంచే జీతం. నాకిచ్చిన బస్సు డబ్బులకంటే నయం.

మావయ్య: నీకీ పని ఇంకెన్నాళ్లో ఉండదులే. కొత్త చట్టం చూశావుగా, 2024 జులై నుంచి సోదా చేసినా, వస్తువు పట్టుకున్నా వీడియో తియ్యాలి. తుమ్మచెట్టూ కత్తీ ముద్దాయీ అన్నీ అందులో ఉంటాయి. ఇక వీఆర్వోని ఏమడుగుతావు?

లాయరు: వీఆర్వోని అడగను. ఆ వీడియో తీసింది ఎవరి ఫోను?

మావయ్య: కానిస్టేబుల్ ఫోనే. స్టేషన్‌కి ఫోను ఎవడు కొనిస్తాడు?

లాయరు: తీశాక ఆ ఫోను ఎవరి దగ్గరుంది?

మావయ్య: వాడి దగ్గరే. వాడి ఫోను కదా.

లాయరు: కోర్టుకి వీడియో పంపింది ఎన్నో రోజు?

మావయ్య: నన్ను బోనెక్కిస్తున్నావేమే?

లాయరు: జవాబు చెప్పు మావయ్యా.